పొగను పాతిపెట్టే చోటెక్కడ? చాందా జిల్లా దారుల్లో

సోమవారం: కాగజ్‌నగర్ నుంచి బల్లార్షా

కాగజ్‌నగర్ దాటాక సిర్పూర్ టౌన్, మాకుడి. ఆ తర్వాత వచ్చే విరూర్ మహారాష్ట్రది. బోర్డుల మీద అక్షరాలు మారాయి గానీ బోగీలో మాటలు మారలేదు. నా ఎదురుగా ఎండుమిర్చి మూటతో కూర్చున్న పెద్దామె ఫోన్లో కూతురితో తెలుగులో, పక్కనున్న కుర్రాడితో మరాఠీలో ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. రాజురా తాలూకా 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాలు పంచుకున్నప్పుడు అటు పోయింది. చుట్టరికాలను మాత్రం ఎవరూ పంచలేదు. మా అక్కను బల్లార్షాకే ఇచ్చారు.

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన వాణ్ణి. కార్బన్ క్యాప్చర్ గురించి దొరికిందల్లా చదువుతున్నాను. చిమ్నీలోంచి పోయే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, గట్టిగా నొక్కి, భూమి లోపల చాలా లోతుకు దించి అక్కడే ఉండిపోయేలా చేయడం ఈ పద్ధతి. బొగ్గు కాల్చుకుంటూనే వాతావరణాన్ని కాపాడుకోవచ్చని కొందరంటారు. బొగ్గును ఇంకో యాభై ఏళ్లు నడిపించడానికి వేసిన ఎత్తు అని మరికొందరు. ఇద్దరి వాదనా చదివాక నాకనిపించింది, ముందు నేల చూడాలని. చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్ చుట్టుపక్కల బొగ్గు, కరెంటు, సిమెంటు, నల్లరాయి (బసాల్ట్), ఇసుకరాయి అన్నీ ఉన్నాయి. తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. సంచిలో రెండు జతల బట్టలు, టోపీ, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఒక చిన్న డ్రాపర్ సీసాలో పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసుకున్నాను. సీసా సంగతి మా ఆవిడకు చెప్పలేదు.

వార్ధా నది వంతెన మీద రైలు నెమ్మదించింది. అవతల బల్లార్షా. స్టేషన్లో బావ నిలబడి ఉన్నాడు. అండర్‌గ్రౌండ్ గనుల్లో సర్దార్‌గా, అంటే పని చోటి భద్రత చూసే మేస్త్రీగా చేసి దిగిపోయిన మనిషి. కాళ్లు నొప్పులంటాడు గానీ నా సంచి నాకు ఇవ్వడు.

రాత్రి భోజనాల దగ్గర విషయం చెప్పాను. బావ జొన్నరొట్టె తుంచుతూ అన్నాడు: "ఏం బామ్మర్దీ, నువ్వు జెప్పే గ్యాస్ మాకు తెల్వదా? బాయిల గది కిందికి కూసుంటది. పాత పనుల కాడికి పోతే ముందల దీపం సూసేది. మంట సన్నబడిందా, ఇగ అడుగు ముందుకెయ్యొద్దు."

బాయి అంటే మా వైపు బొగ్గు గని. ఆ దీపం గురించి నేను పాఠంలో చెప్పేవాణ్ణే గానీ చేత్తో పట్టుకున్న మనిషి చెబితే వేరుగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ గాలికి ఒకటిన్నర రెట్లు బరువు. గాలి ఆడని చోట పల్లంలో పేరుకుంటుంది. ఆక్సిజన్ తగ్గగానే మంట కుంగుతుంది, ఇంకా తగ్గితే ఆరిపోతుంది. మనిషి తట్టుకోలేని స్థితి రాకముందే దీపం చెప్పేస్తుంది. 1986లో ఆఫ్రికాలో కామెరూన్‌లోని న్యోస్ అనే చెరువు అడుగున పేరుకున్న ఈ వాయువు ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చి, లోయల్లోకి జారి, దాదాపు 1,700 మందిని నిద్రలోనే చంపింది. అది చెబితే అక్క అన్నం వడ్డించడం ఆపేసింది.

"మరి దాన్నే తెచ్చి మా కింద పెడ్తరా?" అంది.

బావ అనుకున్నది ఇంకోటి. బొగ్గు తీసేసిన ఖాళీ గనుల్లోకి ఈ గ్యాస్ నింపుతారని. ఆ మాట నాకు తర్వాతి రోజుల్లో ఇంకా చాలామంది నోట వినిపించింది. అలా కాదు. పాత గనులు పైపైనే ఉంటాయి, పైకప్పు నిండా పగుళ్లు. దించాల్సింది దాదాపు 800 మీటర్ల కంటే లోతుకు. అక్కడ ఒత్తిడి, వేడి రెండూ చాలినంత ఉంటాయి కాబట్టి వాయువు చిక్కబడి ద్రవం అంత బరువెక్కుతుంది, తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది. అదీ ఖాళీ గుహలో కాదు, రాతి రేణువుల మధ్య కంటికి కనిపించని సందుల్లో. పైన నీరు కూడా దూరని గట్టి పొర ఒకటి మూతగా ఉండాలి.

"ఆ మూత మంచిగుందో లేదో ఎవడు సూసి వచ్చిండు?" అన్నాడు బావ. ముప్పై ఏళ్లు రూఫ్‌ను కర్రతో కొట్టి చప్పుడు విని లోపలికి మనుషుల్ని పంపినవాడు అడగాల్సిన ప్రశ్నే.

మంగళవారం: చంద్రపూర్

పొద్దున్నే జట్‌పురా గేటు దగ్గర తర్రీ పోహా తిన్నాను. నూనె తేలే ఆ ఎర్రటి పులుసు మీద నాకు చిన్నప్పటి నుంచీ మోజు. కోట గోడ పక్కనే ఆటోలు. థర్మల్ స్టేషన్ క్వార్టర్స్ ఉన్న ఊర్జానగర్ అంటే ఎవరైనా ఎక్కించుకుంటారు.

థర్మల్ స్టేషన్ గేటు దాటి లోపలికి పోనివ్వరు. అవసరం కూడా లేదు, ఊళ్లో ఏ మేడ ఎక్కినా చిమ్నీలు కనిపిస్తాయి. మొదటి యూనిట్ 1983లో మొదలైంది. పాతబడిన రెండు యూనిట్లు తీసేశాక ఇప్పుడు సామర్థ్యం 2,920 మెగావాట్లు. బావకు తెలిసినాయన ఒకరు అక్కడ బాయిలర్ సెక్షన్లో చేసి రిటైరై ఊర్జానగర్ పక్కనే ఉంటున్నారు. కరీంనగర్ వైపు మనిషి. వాళ్లింటి ముందు తులసి ఆకు మీద వేలితో రాస్తే బూడిద గీత పడింది. "రోజూ కడుగుతుంది మా ఇంటావిడ. సాయంత్రానికి మళ్లీ ఇంతే" అన్నారాయన.

ఇద్దరం కాగితం ముందేసుకుని లెక్క కట్టాం. మన బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కిలోకి కాస్త తక్కువ. పూర్తి లోడ్ మీద గంటకు 29 లక్షల యూనిట్లు. అంటే గంటకు దాదాపు 2,800 టన్నుల వాయువు. ఎన్‌టీపీసీ వాళ్లు మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ స్టేషన్లో 2022లో పెట్టిన క్యాప్చర్ యూనిట్ రోజుకు 20 టన్నులు పడుతుంది. చంద్రపూర్ చిమ్నీలు ఆ 20 టన్నులు వదలడానికి అర నిమిషం కూడా పట్టదు. నార్వేలో స్లైప్నర్ అనే చోట 1996లో మొదలుపెట్టి సముద్రం అడుగున ఇసుకరాతిలోకి చాలా ఏళ్లు ఏడాదికి దాదాపు పది లక్షల టన్నులు దించారు, ప్రపంచంలో దీనికి పెద్దన్న లాంటి ప్రాజెక్టు అది. ఆ ఏడాది పని ఇక్కడ పూర్తి లోడ్ మీద పదిహేను రోజుల పొగ.

పట్టడం ఎలాగో ఆయనకు నాకంటే తొందరగా అర్థమైంది. పొగలో కార్బన్ డయాక్సైడ్ పన్నెండు నుంచి పద్నాలుగు శాతమే, మిగతాది ఎక్కువగా నైట్రోజన్. పొగను చల్లార్చి ఒక పొడవాటి టవర్‌లోకి కింది నుంచి పంపుతారు, పై నుంచి అమీన్ అనే రసాయనం కలిపిన ద్రావణం జారుతుంది. అమీన్ ఈ వాయువును మాత్రం పట్టుకుంటుంది. ఆ ద్రావణాన్ని ఇంకో టవర్‌లో 120 డిగ్రీల దాకా వేడిచేస్తే వాయువు విడిపోతుంది, అమీన్ మళ్లీ పనికి వస్తుంది. వేడి ఎక్కడిది? టర్బైన్‌కు పోయే ఆవిరిలోంచి తీయాలి.

"అంటే నా టర్బైన్ గొంతు పిసుకుతారన్నమాట" అన్నారాయన.

అంతే. పట్టడానికి, నొక్కడానికి కలిపి స్టేషన్ తీసే కరెంటులో నాలుగో వంతు దాకా అందులోనే పోతుంది. ఆ నాలుగో వంతు కావాలంటే ఇంకా బొగ్గు తవ్వాలి, ఇంకా బూడిద. పొగలో సల్ఫర్ ఉంటే అమీన్ పాడవుతుంది కాబట్టి ముందు దాన్ని తీసే ప్లాంటు పెట్టాలి. నీళ్లు కూడా ఎక్కువ కావాలి. 2010 వేసవిలో ఇరై డ్యామ్ అడుగంటితే యూనిట్లు ఆపేయాల్సి వచ్చిన ఊరు ఇది. ఆయనకు ఆ నెలలు బాగా గుర్తున్నాయి. జీవితంలో మొదటిసారి క్వార్టర్స్‌లో నిశ్శబ్దానికి నిద్ర పట్టలేదట.

విదేశాల్లో బొగ్గు స్టేషన్లకు ఇది తగిలించి చూశారు. కెనడాలో బౌండరీ డ్యామ్ అనే చోట ఒక యూనిట్‌కు 2014లో పెట్టారు, ఏడాదికి పది లక్షల టన్నులు అనుకున్నది, చాలా ఏళ్లు అందులో కొంతే పట్టగలిగింది. టెక్సస్‌లో పెట్రా నోవా 2017లో మొదలైంది, పట్టిన వాయువును పాత చమురు బావుల్లోకి పంపి మిగిలిన చమురు బయటికి తోయించేవాళ్లు. 2020లో చమురు ధర పడగానే మూసేశారు, 2023లో మళ్లీ తెరిచారు. చమురు అమ్ముకుంటేనే గిట్టే పని వాతావరణం కోసం చేస్తున్నామంటే నాకు నమ్మబుద్ధి కాదు.

నా మాట సూటిగా చెప్పేస్తాను. నలభై ఏళ్ల బాయిలర్లకు ఈ హంగు తగిలించడం డబ్బు దండగ. వాటిని ఒక్కొక్కటే ఆపేసి, వాటి కరెంటు ఎండ నుంచి, గాలి నుంచి తెచ్చుకోవడమే చవక. ఇక్కడి ఎండ గురించి మే నెలలో చంద్రపూర్ వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు. అయితే ఆ ఇంటాయన ఒప్పుకోలేదు. రాత్రి ఎనిమిదికి ఊళ్లన్నీ ఫ్యాన్లు వేసుకున్నప్పుడు ఎండ ఎక్కడుంటుందని అడిగారు. బ్యాటరీలు, పగలు నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలే పంప్‌డ్ స్టోరేజీ అని నేను, అవి వచ్చేదాకా అని ఆయన. టీ రెండుసార్లు వచ్చింది, వాదన తెగలేదు.

బుధవారం: ఘుగుస్, వణి, శిబ్లా

ఘుగుస్ దారిలో బొగ్గు లారీలు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్యలో సైకిళ్ల మీద బొగ్గు సంచులు వేసుకుని తోసుకుంటూ పోయేవాళ్లు. బావ కూడా వచ్చాడు. నేను వద్దన్నా వినలేదు, ఘుగుస్‌లో చూపించేది ఉందన్నాడు.

2022 ఆగస్టులో ఇక్కడ ఒక వాడలో ఒక ఇల్లు ఇల్లుగా భూమిలోకి దిగిపోయింది. అరవై డెబ్బై అడుగుల లోతుకు. నేల కదులుతోందని ఇంట్లోవాళ్లు ముందే బయటికి పరుగెత్తారు కాబట్టి బతికారు. కింద ఎప్పటిదో పాత అండర్‌గ్రౌండ్ గని. చుట్టుపక్కల కుటుంబాలను వేరే చోటికి తరలించారు. బావ రోడ్డు మీదే కాలితో గీసి చూపించాడు: బొగ్గులో గదులు తవ్వుతారు, మధ్యలో స్తంభాలు వదులుతారు. చివర్లో ఆ స్తంభాలూ తీస్తే పైకప్పు కూలాలి, లేదా నీళ్లతో ఇసుక తోలి ఖాళీ నింపాలి. దాన్ని స్టోయింగ్ అంటారు. "ఇసుక ఏసినమని కాయితం మీద రాస్తే గుంత నిండదు గదా" అన్నాడు. ఏ గని గురించీ కాదు, మొత్తం మీద అన్నాడు.

కార్బన్ దాచేచోటు ఇంతకంటే చాలా లోతు, అక్కడ ఖాళీలు ఉండవు, ఇల్లు కుంగే సమస్యే రాదు. ఇది నాకు తెలుసు. అయినా ఆ వాడలో నిలబడి ఎవరికైనా "మీ కింద భద్రంగా పెడతాం" అని చెప్పడం నావల్ల కాదు. మూడు తరాల కింద తవ్వినవాడు పటం సరిగ్గా గీసి దాచలేదు. ఇప్పుడు దించబోయేది వందల ఏళ్లు ఉండాలి. ఈ ప్రాంతంలో ఈ పనికి అడ్డం వచ్చేది ఇంజనీరింగ్ కంటే ముందు ఇదే.

వణి దాటి పాండర్‌కవడా వైపు పోతుంటే నేల రంగు మారింది. నల్లరేగడి, పత్తి చేలు, మధ్యలో గిట్టి ఖదాన్లు, అంటే కంకర క్వారీలు. మన దక్కన్ నల్లరాయికి ఇది తూర్పు అంచు. 6.6 కోట్ల ఏళ్ల కింద పొరలు పొరలుగా పారిన లావా ఇది, ఇప్పటికీ అయిదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. శిబ్లా దగ్గర 2021లో రోడ్డు పనికి తవ్వుతుంటే ఆరు పలకల రాతి స్తంభాలు బయటపడ్డాయి. లావా చల్లారుతూ కుంచించుకున్నప్పుడు అలా చీలుతుంది. చెయ్యి పెట్టి చూస్తే అంచులు ఉలితో చెక్కినంత సూటిగా ఉన్నాయి.

నాకు కావలసింది మాత్రం పక్కనున్న ఖదాన్‌లో దొరికింది. పగలగొట్టిన నల్లరాయి ముక్కలో బఠానీ గింజంత గుంతలు, ఆ గుంతల్లో తెల్లటి పదార్థం. లావాలో గాలి బుడగలు ఉన్న చోట్లు అవి, తర్వాత నీళ్లు దూరి ఖనిజాలు పేరుకున్నాయి. సీసా తీసి ఒక తెల్ల గుంత మీద చుక్క వేశాను. ఏమీ కాలేదు, అది జియోలైట్ అనే వేరే ఖనిజం అయ్యుండాలి. పక్క గుంత మీద వేశాను. బుస్సుమని నురగ. అది కాల్సైట్, అంటే కాల్షియం కార్బనేట్. నల్లరాతిలోని కాల్షియం నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని రాయిగా మార్చి కోట్ల ఏళ్లు దాచి పెట్టింది. నా యాసిడ్ చుక్క దాన్ని విడిపించింది. క్రషర్ దగ్గరి కుర్రాళ్లు మూగారు. ఒకడు తెలుగువాడే, చెన్నూరు దగ్గరి పల్లె. ఇంకో చుక్క వేయమన్నాడు, వేశాను.

ఐస్‌లాండ్‌లో చేస్తున్నది ఇదే. హెల్లిషీడి అనే చోట 2012లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు వాళ్లు ఈ వాయువును నీళ్లలో కలిపి, గోళీ సోడాలో కలిపినట్టు ఒత్తిడితో కలిపి, నల్లరాతిలోకి పంపారు. 2016లో ఫలితాలు ప్రకటించారు: రెండేళ్ల లోపే 95 శాతం పైగా రాయి అయిపోయింది. వాయువు రాయి అయ్యాక లీకేజీ గొడవ లేదు, మూత పొర గొడవా లేదు. బావకు ఇదొక్కటే నచ్చింది.

కానీ ఒక టన్ను వాయువుకు పాతిక టన్నుల నీళ్లు కావాలి. ఈ పత్తి చేల మధ్య నిలబడి ఆ మాట పైకి అనలేం. నీళ్లు లేకుండా వాయువునే నొక్కి పంపే పద్ధతి అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని వలూలా దగ్గర 2013లో చేసి చూశారు, దాదాపు వెయ్యి టన్నులతో. రెండేళ్ల తర్వాత తీసిన రాతి కడ్డీల్లో కార్బనేట్ గడ్డలు కనిపించాయి. దానికి లోతు కావాలి. పశ్చిమ కనుమల వైపు నల్లరాయి కిలోమీటరు దాటిన మందం ఉంటుంది, ఈ అంచున మాత్రం పలచన. దాని కింద మళ్లీ గోండ్వానా అనే పాత పొరల ఇసుకరాళ్లు, బొగ్గు. పడమటికి పోతే కోయినా ఉంది. అక్కడ 1967లో డ్యామ్ నీటి బరువుతో ముడిపడి భూకంపం వచ్చింది, ఇప్పటికీ చిన్న ప్రకంపనలు వస్తూనే ఉన్నాయి. భూమిలోకి ఒత్తిడితో ఏది పంపినా ముందు ఆలోచించాల్సిన చోటు అది. నీతి ఆయోగ్ 2022 నివేదికలో మన నల్లరాళ్లలో 9,700 కోట్ల టన్నుల నుంచి 31,600 కోట్ల టన్నుల దాకా పడుతుందని రాశారు. కింది అంకెకూ పై అంకెకూ మూడు రెట్ల తేడా ఉందంటే, బోరు వేసి చూడాల్సింది చాలా మిగిలిందని అర్థం.

గురువారం: రాజురా, గడ్చాందూర్

మేనల్లుడు గడ్చాందూర్‌లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. బండి మీద తీసుకెళ్లాడు. దారిలో మాణిక్‌గఢ్ కొండలు. ఆ కొండల అవతల జివతి వైపు పద్నాలుగు ఊళ్లున్నాయి, తెలంగాణవా మహారాష్ట్రవా ఇప్పటికీ తేలలేదు. వాళ్లకు రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు. ఇద్దరు సర్పంచులు కూడా. "వాళ్లే నయం మామా, ఎవరో ఒకరు రోడ్డేస్తారు" అన్నాడు వీడు.

ఈ నేల కింద పెన్‌గంగ సున్నపురాయి. ఆదిలాబాద్, దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీలు నడిచింది కూడా ఇదే పట్టీ మీద. ఇళ్ల గడపలు, అరుగులు, పొలం గట్లు అన్నీ ఆ బూడిదరంగు పలకలే. అరుగు మీద చుక్క వేస్తే నిన్నటి కంటే జోరుగా నురగ వచ్చింది. ఇంటామె చూస్తూ "మళ్లీ మచ్చ పడదు గదా?" అంది. పడింది. కడిగాను.

సిమెంటు విషయం బొగ్గుకు పూర్తిగా వేరు, ఎందుకో చెప్పాలి. సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాలిస్తే సున్నం మిగిలి కార్బన్ డయాక్సైడ్ పోతుంది. వంద కిలోల శుద్ధమైన సున్నపురాయిలో 44 కిలోలు ఈ వాయువే. ఫ్యాక్టరీ వదిలే కార్బన్‌లో దాదాపు అరవై శాతం ఇంధనానిది కాదు, రాతిది. కొలిమికి బొగ్గు బదులు సోలార్ కరెంటు పెట్టినా, ఆ అరవై శాతం వాయువు వచ్చి తీరుతుంది. కాబట్టి పట్టి దాచడం తప్ప దానికి సూటి దారి లేదు. పైగా కొలిమి పొగలో వాయువు ఇరవై శాతం పైమాటే ఉంటుంది కాబట్టి పట్టడం కాస్త తేలిక.

ప్రపంచంలో ఇప్పుడిప్పుడే మొదలైంది. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీలో 2025 జూన్‌లో క్యాప్చర్ ప్లాంటు ప్రారంభించారు, ఏడాదికి నాలుగు లక్షల టన్నులు పట్టేలా. ఆ ఫ్యాక్టరీ వదిలేదాంట్లో అది సగం. వాయువును ద్రవం చేసి ఓడలో తీసుకెళ్లి, ఉత్తర సముద్రం అడుగుకు ఇంకా 2,600 మీటర్ల కింద దించుతున్నారు. ఖర్చులో పెద్ద భాగం అక్కడి ప్రభుత్వమే పెట్టుకుంది.

మేనల్లుడు అంతా విని అన్నాడు: "మామా, ఇక్కడ ఓడెక్కడిది?"

నిజమే. గడ్చాందూర్ నుంచి సముద్రం ఏ దిక్కుకు పోయినా వందల కిలోమీటర్లు. పైపులైను వేయాలి. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో సటార్షియా అనే ఊరి దగ్గర 2020లో ఇలాంటి పైపు పగిలితే ఊరంతా ఖాళీ చేయించాల్సి వచ్చింది, నలభై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. గాలి చాలక కార్ల ఇంజన్లు రోడ్డు మీదే ఆగిపోయాయి. ఎవరూ చనిపోలేదు. బావ చెప్పిన దీపం నాకు మళ్లీ అక్కడ గుర్తొచ్చింది.

దాచేదాకా చేయగలిగింది ఇంకోటుంది, వాడే చెప్పాడు. సిమెంటులో క్లింకర్, అంటే కొలిమిలో కాలి వచ్చే గడ్డలు, తగ్గించి థర్మల్ బూడిద కలపడం. మన ప్రమాణాల ప్రకారం పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా) సిమెంటులో 35 శాతం దాకా ఫ్లై యాష్, అంటే ఈ బూడిదే, కలపొచ్చు. చంద్రపూర్ బూడిద ఇక్కడికి వస్తుంది. మరి నేను కోరినట్టు ఆ బాయిలర్లు ఆపేస్తే? కొన్నేళ్లకు సరిపడా బూడిద చెరువుల్లో ఉంది, తర్వాత కాల్చిన బంకమట్టి లాంటివి కలపాలి. నిన్నటిదాకా ఎగిరిపడిన నా వాదనకు వీడు ఒక ముడి వేశాడు.

శుక్రవారం: బస్సులో

బల్లార్షా నుంచి వైన్‌గంగ వంతెన, ఆష్టి, ఆలాపల్లి, సిరొంచ. రోడ్డు గురించి రాయకపోవడమే మంచిది. ఆలాపల్లి టేకు అడవి మాత్రం కిటికీలోంచి చూసినంతసేపూ తల తిప్పబుద్ధి కాలేదు. సాయంత్రానికి సిరొంచలో దిగితే బస్టాండ్‌లో టీ కొట్టు దగ్గర అంతా తెలుగే. చెప్పిన టీలో చక్కెర తగ్గించమని మన భాషలో చెప్పుకోగలిగాను, నాలుగు రోజుల తర్వాత.

శనివారం: సిరొంచ

కాగజ్‌నగర్ కాలేజీలో నా దగ్గర చదివిన కుర్రాడు ఇక్కడ జిల్లా పరిషత్ బడిలో టీచర్. కుర్రాడంటే ఇప్పుడు నలభై దాటాడు. "సార్, మీరు ఇంకా యాసిడ్ సీసా తిప్పుతున్నరా?" అని నవ్వాడు.

మొదట వడధం శిలాజాల పార్కుకు తీసుకెళ్లాడు. రాయిగా మారిన చెట్ల మానులు, ఏళ్ల వలయాలు కూడా కనిపిస్తున్నాయి. ఈ తాలూకాలోని జురాసిక్ రాళ్లలోనే 1960 ప్రాంతంలో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పెద్ద డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. బారాపాసారస్ టాగోరీ అని 1975లో పేరు పెట్టారు. ఎముకల గూడు అక్కడే వాళ్ల మ్యూజియంలో ఉంది. మా ఊరి జంతువును కలకత్తా పోయి చూడాలా అని పిల్లలు అడుగుతారట.

వాగు ఒడ్డున ఇసుకరాయి బయటపడి ఉంది. సీసా అక్కర్లేదు, నీళ్ల బాటిల్ చాలు. రాతి మీద కొంచెం పోశాను. ఒక లెక్కన జారి పోవాలి, జారలేదు. తడి మచ్చ అక్కడికక్కడే ఇంకి, చుట్టూ విచ్చుకుంది. వేలితో నలిపితే పొడి రాలింది, గరుకు రేణువులు. ఈ సందులే దాచే చోటు. ఈ ప్రాణహిత గోదావరి లోయలో గోండ్వానా పొరలు కిలోమీటర్ల మందాన ఉన్నాయి. మన మంచిర్యాల, రామగుండం, మణుగూరు బొగ్గంతా ఈ లోయదే. గడ్చాందూర్ నుంచి పైపు వేయాలంటే నల్లరాయి మందంగా ఉన్న పడమటి కంటే ఇటే దగ్గర. కాగితం మీద ఇంత అనువైన చోటు ఈ చుట్టుపక్కల ఇంకోటి నాకు కనిపించలేదు.

అదే మాట అంటే టీచర్ కాసేపు ఆలోచించి, ఊళ్లోని చేతిపంపు దగ్గరికి తీసుకెళ్లాడు. "సార్, ఈ నీళ్లు కూడా ఆ ఇసుకరాతిలోంచే గదా?"

అవును. ఈ ఇసుకరాళ్ల పై భాగమే ఇక్కడి ఊళ్లకు తాగునీరు. లోతుకు పోతే నీళ్లు ఉప్పగా మారతాయి, దించాల్సింది ఆ ఉప్పు నీటి పొరల్లోకి. రెండింటి మధ్య మంచి బంకరాయి పొర ఉందా, పగుళ్లు ఎక్కడున్నాయి, అన్నది బోరు వేస్తేనే తెలుస్తుంది. పైకి కొంచెం వచ్చినా నీళ్లలో కరిగి పులుపెక్కిస్తుంది, రాతిలోని లోహాలను కరిగించి నీళ్లలోకి లాగొచ్చు. అల్జీరియా ఎడారిలో ఇన్ సలా అనే చోట 2004 నుంచి దాదాపు 38 లక్షల టన్నులు దించారు. ఉపగ్రహంతో చూస్తే పైన నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున ఉబ్బింది. మూత పొర మీద అనుమానం వచ్చి 2011లో ఆపేశారు. మూత పొర దాటి వాయువు బయటికి వచ్చిన ఆధారం దొరకలేదు, అయినా ఆపారు. కనిపెట్టి చూసేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆపగలిగారు.

"ఎన్నేళ్లు కనిపెట్టాలి సార్?"

యూరప్‌లో 2009 నాటి నిబంధన ప్రకారం, బావి మూసేశాక మామూలుగా కనీసం ఇరవై ఏళ్లు కంపెనీదే పూచీ. అంతా కుదురుగా ఉందని తేలాకే ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంటుంది. ఇక్కడ దించితే ఆ ఇరవై ఏళ్లలో ప్రభుత్వాలు నాలుగుసార్లు మారతాయి, కంపెనీ పేరు రెండుసార్లు మారుతుంది. ఊరు మాత్రం ఇక్కడే ఉంటుంది. సిమెంటు కోసం అయితే నేను వద్దనను. థర్మల్ పొగ కోసమైతే ఈ రాతిని ఖర్చుపెట్టడం తప్పంటాను. ఎవరి కోసమైనా, ముందు ఇప్పటి నీళ్లు ఎలా ఉన్నాయో రాసిపెట్టుకోవాలి. తర్వాత చెడిపోయిందంటే చూపించడానికి పాత లెక్క ఉండాలి. ఘుగుస్ వాళ్ల దగ్గర పాత పటం సరిగ్గా లేకపోవడం చూశాక ఈ విషయంలో నాకు ఇంకో ఆలోచన లేదు.

టీచర్ బడి పిల్లలతో చేయిద్దామన్నాడు. పీహెచ్ పేపరు, బైకార్బనేట్ కొలవడానికి ఒక బ్యూరెట్, ఉప్పుదనం కొలిచే చిన్న మీటరు. వర్షానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ఊరికి రెండు పంపులు. బైకార్బనేట్ కొలిచే పద్ధతి నల్లబోర్డు మీద రాశాను, మిథైల్ ఆరెంజ్ రంగు ఎక్కడ మారుతుందో రెండుసార్లు చేసి చూపించాను. లోహాల పరీక్ష బడిలో కుదరదు. నల్లరాతిలో కార్బన్ దాచడం మీద ఎన్‌టీపీసీ సాయంతో ఎప్పుడో అధ్యయనం చేసిన ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) హైదరాబాద్‌లోనే ఉంది కదా, వాళ్లనే అడుగుదామని కూర్చుని ఉత్తరం రాశాం. ఈ లోయలో లోతు పొరల నీటి గురించి మీ దగ్గరున్న సమాచారం బడికి ఇస్తారా, మా నమూనాలు పరీక్షిస్తారా అని. తెలుగు ప్రతి నేను రాశాను. గడ్చిరోలి కలెక్టరేట్‌కు మరాఠీ ప్రతి తను సోమవారం పంపిస్తానన్నాడు.